మాకు శ్రద్ధ లేదంట!

మా పెద్దమ్మకు షుగరు బయటపడి ఆరేళ్ళు. కావలికి తూర్పున రొయ్యల గుంటల దగ్గర కూలిపని చేస్తుంది. మొన్న చెకప్‌కు తోడు వెళ్ళాను. చీటీ చూసిన డాక్టరు ఆమెను వదిలేసి నాతో అన్నాడు: "మీ యానాదోళ్ళకి శ్రద్ధ ఉండదయ్యా. మందు మింగరు, తిండి కట్టడి చెయ్యరు." పెద్దమ్మ తల వంచుకుంది. నేనూ నోరెత్తలేదు. ఆ రోజు అనలేని మాటే ఇక్కడ రాస్తున్నాను.

షుగరు జబ్బులో డాక్టరు పని నెలకు పది నిమిషాలు. మిగతా నెలంతా రోగిదే. ఏం తినాలి, మాత్ర ఎప్పుడు వెయ్యాలి, కళ్ళు తిరిగితే ఏం చెయ్యాలి, కాలికి పుండు పడిందా, అన్నీ రోగే చూసుకోవాలి. లోకమంతా ఇంతే, అందులో తప్పు లేదు. ఆ పనికి కావలసినవి చేతికివ్వకుండా పని మాత్రం అప్పజెప్పి, తర్వాత మనకు బద్ధకమని పేరు పెట్టడం దగ్గరే నాకు కడుపు మండుతుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బుందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. పట్నం ఆఫీసరుకు వస్తే టెన్షను, మనకొస్తే అశ్రద్ధ!

ఆమెకిచ్చిన కాగితం చూడండి. పొద్దున ఓట్సు, పదకొండింటికి ఒక పండు, సాయంత్రం నలభై నిమిషాలు నడక. తెల్లారకముందే పట్టుబడికి దిగి మధ్యాహ్నం దాకా నడుములోతు నీళ్ళలో ఉండే మనిషికి నడక! రేషన్ బియ్యం తప్ప వేరే గింజ లేని ఇంటికి ఓట్సు! మాత్ర అన్నానికి ముందు వేసుకోమన్నారు. ఆ అన్నం ఏ వేళకు దొరుకుతుందో అడగలేదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర మింగి తిండి లేకుండా కష్టపడితే షుగరు పడిపోయి మనిషి కూలిపోతుంది. అలా ఒకసారి గట్టుమీద పడిపోయింది కాబట్టే పట్టుబడి ఉన్న రోజు పెద్దమ్మ మాత్ర మానేస్తుంది. అది ఆమె తన ఒంటిని చూసి వేసుకున్న లెక్క. తప్పు లెక్కే, ఒప్పుకుంటాను. అలా మానుతూ పోతే కళ్ళు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కానీ దిద్దాలంటే ముందు అక్కడొక లెక్క ఉందని చూడాలి కదా?

ఈ ముద్ర పాతదే. కావలిలోనే ఎరుకల వాళ్ళకు అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్మెంటు నడిపింది. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చిన నేరస్థ తెగల చట్టం మనుషుల్ని హాజరు పిలిచి లెక్కపెట్టింది. యానాదుల మీదా ఆ మచ్చ వేశారు. వెన్నెలకంటి రాఘవయ్య లాంటి వాళ్ళు దానిమీద పోరాడారు. 1952లో చట్టం పోయింది. చీటీ రాసే చేతుల్లోంచి అది పోయిందా?

మనవాళ్ళతోనూ ఒక మాట. "మన పసరు ముందు ఇన్సులినెంత" అని మీసం తిప్పే కుర్రాళ్ళున్నారు. మన పెద్దల మందుల మీద నాకు గౌరవముంది. అయినా పసరు నమ్ముకుని ఇన్సులిన్ ఆపితే ప్రాణమే పోవచ్చు.

మాత్రలు 104 బండిలో నెలకోసారి వస్తున్నాయి. సరే. ఆ ఒక్కరోజు చూసిన షుగరు మిగతా రోజుల సంగతి చెబుతుందా? మీటరు, స్ట్రిప్పులు కూడా రావాలి. కొనుక్కోమంటే రెండు మూడు స్ట్రిప్పులకే పూట కూర డబ్బులు అయిపోతాయి. ఫ్రిజ్ లేని గుడిసెలో ఇన్సులిన్‌ను తడి ఇసుక పోసిన జంట కుండల్లో చల్లగా దాచుకోవచ్చని చెప్పేవాళ్ళు రావాలి. స్పర్శ తగ్గిన కాలికి ఉప్పునీళ్ళలో గుల్ల కోసుకున్నా తెలియదు గనుక రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోమని మన మాటల్లో చెప్పాలి. మట్టి చూసి ఎలక ఏ బొక్కలో ఉందో చెప్పే పెద్దలున్న ఇళ్ళు మనవి. మీటరు మీది అంకెలు మనకు బరువా?

టీచర్లు ఈ పని బళ్ళోనే మొదలుపెట్టొచ్చు. అంకె 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలని, పావుగంటకు మళ్ళీ చూడాలని, మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలని ఆరో తరగతి పిల్లకు నేర్పొచ్చు. మా పెద్దమ్మ మనవరాలు అదే చేస్తోంది. అరువు మీటరుతో చూసి నోటుపుస్తకంలో రాస్తుంది: అంకె, ఆ పక్కన పట్టుబడి ఉందా లేదా, అన్నం తిన్నదెప్పుడు. పదిహేను రోజులవి రాసింది. పట్టుబడి రోజున మాత్ర ఎంత వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో చెప్పమని ఈ నెల ఆ పుస్తకం డాక్టరు బల్లమీద పెట్టబోతున్నాం. ఈసారి అడిగేది పెద్దమ్మే.