క్షతవీరుల ఋణము

ఏటేట డిసెంబరు 7వ తేదీన సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. 1949 నుండియు ఈ యాచారము కలదు. ఆనాడు చిన్న జెండాను చొక్కాకు తగిలించుకొని, డబ్బాలో నాలుగు రూపాయలు వేసి, మన విధి తీరినదని యింటికి పోవుచున్నాము. పోరున మరణించినవానికి శిలావిగ్రహమో, వీథికి పేరో, సభలో రెండు నిమిషముల మౌనమో లభించుచున్నది. కాలు పోయి, చూపు పోయి, వెన్నెముక విరిగి బ్రతికివచ్చినవాని మాట తలపెట్టువారెందఱు? వాని పోరు సరిహద్దున ముగియుట లేదు. మెడికల్ బోర్డు ఎదుట, పింఛను కచేరి ముంగిట, ట్రిబ్యునలు మెట్లపైన అది యేండ్ల తరబడి సాగుచున్నది.

మృతవీరులను పూజించుట మనకు క్రొత్త గాదు. కారెంపూడిలో వీరులగుడి కలదు. తెలుగునాట పెక్కు గ్రామముల పొలిమేరలలో వీరగల్లులు నిలిచియున్నవి. కాని క్షతగాత్రుల విషయమున మన భారతము చెప్పిన ధర్మమును మఱచితిమి. సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, రాజుకొఱకు ప్రాణము విడిచినవారి భార్యలను, ఆపదల పాలైనవారిని పోషించుచున్నావా యని ప్రశ్నించినాడు. దానమో దయయో యన్న ప్రసక్తియే యచట లేదు. అది రాజు లెక్క చెప్పవలసిన విషయము. శరతల్పముపై నున్న భీష్ముని కడకు ధర్మరాజు పోయినదియు ఓదార్చుటకు గాదు, రాజధర్మము నేర్చుకొనుటకు. గాయపడినవాడు పనికిమాలినవాడను భావము మన పూర్వులకు లేదని దీనివలన స్పష్టము.

ఇటీవలి చరిత్రయు ఇదే చాటుచున్నది. 1971 యుద్ధమున గూర్ఖాదళాధికారి ఇయాన్ కార్డోజో మందుపాతరపై కాలుమోపి, నుజ్జయిన కాలిని స్వయముగా కుక్రీతో తెగవేసికొనినాడు. కొయ్యకాలితోనే తోడి సైనికులకు దీటుగా కొండలెక్కి చూపి, బెటాలియనుకును, తరువాత బ్రిగేడుకును నాయకుడై, మేజర్ జనరలు పదవి నందినాడు. 1965 యుద్ధమున తుపాకిగుండ్లు తగిలి నడుము క్రింద చచ్చుపడిన మురళీకాంత్ పేట్కర్, 1972లో జర్మనీయందలి హైడెల్‌బర్గు పారాలింపిక్సులో 50 మీటర్ల ఈతపందెమున స్వర్ణపతకము గెలిచినాడు. పారాలింపిక్సులో భారతదేశమునకు అదియే తొలి స్వర్ణము. ఆయనకు పద్మశ్రీ యిచ్చుటకు ఈ దేశమునకు 2018 దాక తీరిక దొరకలేదు. స్వర్ణపతక విజేతకే నలువదియాఱేండ్లు పట్టినచో, పేరులేని సిపాయి గతి యేమని వేఱుగ చెప్పవలెనా?

పరిపాలకులు ఏమియు చేయలేదనుట న్యాయము గాదు. పుణెలో 1944లో వెలసిన కృత్రిమాంగ కేంద్రము నేటికిని సైనికులకు కాళ్లు చేతులు అమర్చుచున్నది. కిర్కీలో 1974లో స్థాపింపబడిన పక్షవాత పునరావాస కేంద్రమున చేతులు కదలని జవానులు నోట కుంచె పట్టి చిత్రములు వ్రాసినారు. ఆ కిర్కీయందే యున్న క్వీన్ మేరీ సాంకేతిక సంస్థ, మొదటి ప్రపంచయుద్ధమున అవయవములు కోల్పోయిన భారతీయ సైనికులకు చేతిపనులు నేర్పుటకై 1917లో పుట్టినది. పరాయిప్రభుత్వపు టేలుబడిలోనే, పరాయివారి యుద్ధమున వికలాంగుడైనవానికి బ్రతుకుతెరువు చూపవలెనని గుర్తింపబడినప్పుడు, స్వరాజ్యప్రభుత్వము తన యుద్ధమున గాయపడినవానికి అంతకన్న మిన్నగా చేయవలదా?

అసలు చిక్కు వైకల్య పింఛను నిబంధనలలో నున్నది. వైకల్యము సైనికసేవ మూలమున కలిగినదనియో, సేవవలన తీవ్రమైనదనియో తేలినగాని పింఛను రాదు. సిగ్నల్సు శాఖలోని యొక జవాను తొమ్మిదేండ్లు పనిచేసి, మూర్ఛరోగముతో 1994లో ఇంటికి పంపబడినాడు. అతనికి పింఛను నిరాకరింపబడగా, సర్వోన్నత న్యాయస్థానమున న్యాయము దొరకునప్పటికి 2013 వచ్చినది. చేరునాడు వైద్యులు పరీక్షించి, రోగమున్నదని వ్రాయనియెడల, పిమ్మట వచ్చినది సేవవలన వచ్చినదనియే భావింపవలెననియు, రుజువుభారము సైనికునిపై మోపరాదనియు ఆ తీర్పు నిర్ణయించినది. అటుపిమ్మటను ప్రభుత్వము ఇట్టి వ్యాజ్యములలో అప్పీళ్లు మానలేదు. 2023 సెప్టెంబరులో క్రొత్త నియమములు వచ్చినవి; వైకల్యాంశమను పేరును కొన్నియెడల ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అని మార్చినారు. పేరు మార్చినంతమాత్రమున కుంటివాని కాలు మొలవదు.

మధుమేహము, రక్తపుపోటు వంటి సామాన్యవ్యాధులకును కొందఱు ఈ పింఛను పొందుచున్నారనియు, ఖజానాను కాపాడవలయుననియు ప్రభుత్వపక్షము వాదించుచున్నది. ఈ వాదమును త్రోసిపుచ్చరాదు. దొంగలెక్కలున్నచో ఏరివేయవలసినదే. అయితే నలుగురు దారి తప్పిరని నలువందలమందిని కోర్టులచుట్టు త్రిప్పుట ధర్మము గాదు. అనుమానమున్నచోట దానిని రుజువు చేయవలసినది ప్రభుత్వమే. ఫైళ్లు, వైద్యులు, న్యాయవాదులు అందఱును దాని చేతిలోనే యున్నారు.

2022లో వచ్చిన అగ్నిపథము మఱియొక ప్రశ్నను ముందుంచినది. నాలుగేండ్ల సేవకై చేరిన యగ్నివీరునికి యావజ్జీవ పింఛను లేదు. సేవలో నూటికి నూఱుపాళ్లు వికలాంగుడైనచో 44 లక్షలు, 75 పాళ్లైనచో 25 లక్షలు, 50 పాళ్లైనచో 15 లక్షలు ఒక్కపర్యాయము పరిహారమిచ్చి, మిగిలిన సేవాకాలపు జీతమును చేర్చి పంపివేయుదురు. మొత్తము చిన్నది గాదు. కాని యిరువదియేండ్ల ప్రాయమున మంచమెక్కినవాడు మఱి యేబదియేండ్లు బ్రతుకవలెను. ధరలు పెరుగును, తల్లిదండ్రులు గతింతురు, మూటకట్టి యిచ్చిన ధనము తరుగును. అధికారిశిక్షణలో గాయపడి పంపివేయబడిన కేడెట్ల దుస్థితిని 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము తనంతట తాను విచారణకు చేపట్టవలసివచ్చినది. న్యాయమూర్తులు తట్టి లేపువఱకు మంత్రిత్వశాఖ మేల్కొనకుండుట సిగ్గుచేటు.

ఇది ఢిల్లీవారి పని, మనకేమని తెలుగుగృహస్థులు పెదవి విఱువరాదు. తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును లోకము ‘మిలిటరీ మాధవరము’ అని పిలుచుచున్నది. మొదటి ప్రపంచయుద్ధకాలమునుండి ఆ యూరి బిడ్డలు తరతరములుగా సైన్యమున చేరుచున్నారు. మాజీసైనికులకు ప్రభుత్వభూమి పట్టా యిచ్చుటయు మనయొద్ద చిరకాలముగా నున్నది. పట్టా కాగితముపై నుండి, హద్దురాళ్లు జరిగిపోయినచో, కఱ్ఱ ఊతగా నడచువాడు ఎందఱితో కలహింపగలడు? పదియేండ్లు దాటినపిమ్మట అమ్ముకొను హక్కున్నను, నిరభ్యంతరపత్రము చేతికి రానిదే ఆ హక్కు కాగితమే. భూస్వాములైన మా పాఠకులు ఈ సంగతి బాగుగా నెఱుగుదురు. పొరుగుచేను సైనికునిదైనచో దాని గట్టును కాపాడుట పతాకదినమున డబ్బాలో వేయు నాణెముకన్న గొప్ప దేశభక్తి.

కావున మేము కోరునది నాలుగు విషయములు. గాయపడిన సైనికునికి ట్రిబ్యునలు పింఛను మంజూరుచేసినపుడు, విశేషకారణము వ్రాతపూర్వకముగా చూపనిదే ప్రభుత్వము అప్పీలునకు పోరాదు. అగ్నివీరునకును, కేడెట్టునకును తీవ్రవైకల్యము కలిగినచో యావజ్జీవ పింఛను నియ్యవలెను. ప్రతి జిల్లాలోను కలెక్టరు ఏటికొకమాఱు వికలాంగసైనికుల భూములను కొలిపించి, స్వాధీనము సరిచూడవలెను. పురపాలకసంఘములు, సహకారసంఘములు, కళాశాలలు చేతనైన పని వారికి చూపవలెను. ఇందులో దేనికిని క్రొత్త రాజ్యాంగము అక్కఱలేదు. తీసికొన్న యప్పు తీర్చవలెనను సంకల్పమున్న చాలును; ఈ యప్పునకు వడ్డీ నాడు నాడు పెరుగుచున్నది.