డిసెంబర్ 4న వైజాగ్ వెళ్తే నేవీ విన్యాసాలు ఉంటాయా? రైలు టికెట్ బుక్ చేసే ముందు ఇవి తెలుసుకోండి

చలికాలం మొదలవగానే చాలామంది వైజాగ్ ట్రిప్ ప్లాన్ చేస్తారు. పిల్లలకు సబ్‌మెరైన్ చూపించాలి, అదే ట్రిప్‌లో నేవీ డే విన్యాసాలూ చూసెయ్యాలి అనేది ఆలోచన. మీరూ అలాగే అనుకుంటుంటే ముందు ఒక విషయం గుర్తుంచుకోండి. సబ్‌మెరైన్ మ్యూజియం ఏడాది పొడవునా ఉంటుంది. విన్యాసాలు మాత్రం డిసెంబర్ 4నే ఉంటాయన్న గ్యారంటీ లేదు.

నేవీ డే డిసెంబర్ 4నే కదా?

అవును, అందులో మార్పు లేదు. 1971 యుద్ధంలో డిసెంబర్ 4 రాత్రి మన నౌకాదళం కరాచీ రేవుపై దాడి చేసింది. దానికి గుర్తుగానే ఏటా ఆ రోజు నేవీ డే జరుపుతారు. ఆ యుద్ధంతో విశాఖకు నేరుగా సంబంధం ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. బీచ్‌రోడ్డులోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఆ యుద్ధానిదే.

మారుతున్నదల్లా ఆర్కే బీచ్‌లో జరిగే విన్యాసాల తేదీ. 2022లో నేవీ డే ప్రధాన వేడుకను తొలిసారి ఢిల్లీ బయట, విశాఖలో నిర్వహించారు. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము హాజరయ్యారు. ఆ ఏడాది విన్యాసాలు సరిగ్గా డిసెంబర్ 4నే జరిగాయి. 2023లో ప్రధాన వేడుక మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌కు వెళ్లింది. విశాఖలో విన్యాసాలు డిసెంబర్ 10న పెట్టారు. 2024లో ప్రధాన వేడుక ఒడిశాలోని పూరీలో జరిగింది. విశాఖ వంతు 2025 జనవరి 4న వచ్చింది. 2025 నేవీ డే ప్రధాన వేడుక తిరువనంతపురంలో జరిగింది.

అంటే ప్రధాన వేడుక ఇప్పుడు ఒక తీరం నుంచి మరో తీరానికి తిరుగుతోంది. యుద్ధనౌకలు, హెలికాప్టర్లు, మెరైన్ కమాండోలు ఒకే రోజు రెండు చోట్ల ఉండలేరు కాబట్టి విశాఖ తేదీ వెనక్కి జరుగుతోంది. దీనికి తోడు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది.

దీంతో మీకొచ్చే ఇబ్బంది ఏమిటి?

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబర్ 1 నుంచి ఇదే నిబంధన. సెలవుల సీజన్‌లో విశాఖ రైళ్లలో బెర్త్ దొరకాలంటే మొదటి రోజుల్లోనే బుక్ చేయాలి. విన్యాసాల తేదీ అప్పటికి ఖాయం కాకపోతే మీరు ఊహ మీద టికెట్ కొన్నట్టే. ఊహ తప్పితే నలుగురి కుటుంబానికి రైలు ఖర్చు, హోటల్ ఖర్చు పెట్టాక కూడా విన్యాసాలు చూసే అవకాశం ఉండదు.

మరి మ్యూజియంలో ఏముంటుంది?

ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైన జలాంతర్గామి. 1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. 91 మీటర్ల పొడవున్న ఆ నౌకను ఒడ్డుకు లాగి, ఇసుకలో నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపల టార్పెడో గొట్టాలు, ఇంజిన్లు, ఒకదానిపై ఒకటిగా ఇరుకు బెర్తులు కనిపిస్తాయి. 70 మందికి పైగా సిబ్బంది వారాల తరబడి అందులో ఎలా బతికారో చూస్తే తెలిసిపోతుంది. వంగి దాటాల్సిన గుండ్రటి తలుపులుంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఇది గుర్తుంచుకోండి.

రోడ్డు దాటితే టీయూ-142 విమానం. 1988 నుంచి 2017 వరకు సముద్రంపై నిఘా పెట్టిన ఈ భారీ విమానాన్ని తమిళనాడులోని అరక్కోణం నుంచి తెచ్చారు. 2017 డిసెంబర్ 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. బీచ్‌రోడ్డులోనే పాత డచ్ బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు నగరంపై వేసిన బాంబుల్లో ఒకటి అక్కడ చూడొచ్చు.

ఇవన్నీ శాశ్వత ప్రదర్శనలు. సీజన్‌కో కొత్త ఎగ్జిబిషన్ పెట్టడానికి జలాంతర్గామిలో చోటు లేదు. అందుకే విశాఖలో 'సీజన్' అంటే మ్యూజియం బయట జరిగేదే: విన్యాసాలు, నేవీ బ్యాండ్ కచేరీలు, నేవీ మారథాన్, ప్రజలకు యుద్ధనౌకలు చూపించే రోజులు.

తేదీలన్నీ ఒక్కచోట ఎందుకు దొరకవు?

ఎందుకంటే నిర్వాహకులు వేర్వేరు. విన్యాసాలు, నౌకల సందర్శన తూర్పు నౌకాదళం చూసుకుంటుంది. కురుసుర, టీయూ-142 నిర్వహణ వీఎంఆర్‌డీఏది. విశాఖ మ్యూజియం జీవీఎంసీది. ట్రాఫిక్ ఆంక్షలు పోలీసులవి. ఒక్కొక్కరు తమ ప్రకటన తాము ఇస్తారు. చూసేవాళ్లకు మాత్రం అదంతా ఒకే బీచ్, ఒకే ట్రిప్.

ఇదంత పెద్ద విషయమా?

మ్యూజియం కోణంలో చూస్తే పెద్ద విషయమే. ఉప్పుగాలిలో నిలబెట్టిన ఇనుము తుప్పు పడుతూనే ఉంటుంది. ఏటా రంగులు, మరమ్మతులు తప్పవు. ఆ ఖర్చు ఆగితే ఏమవుతుందో ముంబై చూసింది. మన తొలి విమానవాహక నౌక విక్రాంత్ 1997లో రిటైరయ్యాక మ్యూజియంగా మారింది. భద్రత కారణాలతో 2012లో సందర్శకులను ఆపేశారు. 2014లో తుక్కు కింద అమ్మేశారు. 2017లో రిటైరైన విరాట్‌ను విశాఖకు తెచ్చి మ్యూజియంగా మార్చాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆసక్తి చూపింది. అది కుదరలేదు. విరాట్ చివరికి గుజరాత్‌లోని అలంగ్ తుక్కు యార్డుకు చేరింది.

కురుసుర మాత్రం 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానును కూడా తట్టుకుని నిలబడింది. ఇలాంటి మ్యూజియం నిలవాలంటే నాలుగు రోజుల రద్దీ సరిపోదు. ఏడాదంతా సందర్శకులు రావాలి. వచ్చినవాళ్లు మళ్లీ రావడానికి కారణమూ ఉండాలి.

అందుకు కావలసిన తేదీలు మ్యూజియానికి ఇప్పటికే ఉన్నాయి. డిసెంబర్ 8 సబ్‌మెరైన్ డే. 1967లో మన తొలి జలాంతర్గామి కల్వరి నౌకాదళంలో చేరిన రోజది. డిసెంబర్ 18 కురుసుర పుట్టినరోజు లాంటిది. ఏప్రిల్ 6 విశాఖపై బాంబులు పడిన రోజు. ఈ తేదీలు ప్రధాన వేడుక ఎక్కడ జరిగినా మారవు. ఆ రోజుల్లో మాజీ సబ్‌మెరైనర్లతో పిల్లలకు ముఖాముఖి, పాత ఫొటోల ప్రదర్శన లాంటివి పెట్టడానికి యుద్ధనౌకలు అక్కర్లేదు. నేవీ, వీఎంఆర్‌డీఏ, జీవీఎంసీ కలిసి ఏడాది క్యాలెండర్‌ను మూడు నెలల ముందు ఒక్కచోట పెడితే 60 రోజుల రిజర్వేషన్ గడువుకు మీ చేతిలో కచ్చితమైన సమాచారం ఉంటుంది.

అప్పటిదాకా మీరేం చేయాలి?

• విన్యాసాల కోసమే వెళ్తుంటే, తేదీని నౌకాదళం ప్రకటించేదాకా హోటల్‌ను ఉచిత క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోండి.

• అసలు రోజు కుదరకపోతే రిహార్సల్స్‌పై కన్నేయండి. విన్యాసాలకు ముందు రోజుల్లో బీచ్‌లోనే జరుగుతాయి.

• విన్యాసాల రోజే మ్యూజియం కూడా చూసేద్దామని పెట్టుకోవద్దు. బీచ్‌రోడ్డులో వాహనాలను ఆపేస్తారు, రద్దీ విపరీతంగా ఉంటుంది. మర్నాడు వెళ్లండి.

• సోమవారం కురుసురకు సెలవు. శని, ఆదివారాలు విన్యాసాలు చూసి సోమవారం మ్యూజియం అనుకుంటే తలుపు మూసి ఉంటుంది.

• తుపాను హెచ్చరికలుంటే బయల్దేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి.

మ్యూజియం కోసమే వెళ్లేవాళ్లకు డిసెంబరే అక్కర్లేదు. మామూలు రోజుల్లో వెళ్తే తోపులాట ఉండదు. లోపల గైడ్లుగా పనిచేసే మాజీ నౌకాదళ సిబ్బందిని మీ పిల్లలు నాలుగు ప్రశ్నలు అడిగే వీలూ దొరుకుతుంది.