హెడ్‌ఫోన్లతో చెవులు అలిసిపోతున్నాయా?

ఈ వారం సంచిలో వచ్చిన ఉత్తరాల్లో పాలకీడు నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ముందుగా తీసుకుంటున్నాను. పేరు వెయ్యవద్దని కోరారు.

"డాక్టరుగారికి నమస్కారాలు. మా అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు. ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలకు పాటలు, మాటలు సరిచేసి మిర్యాలగూడ, కోదాడ స్టూడియోలకు పంపిస్తుంటాడు. ముహూర్తాల రోజుల్లో పది గంటలు హెడ్‌ఫోన్లు తలమీదే ఉంటాయి. చెవి మొత్తాన్ని మూసేసే పెద్ద రకం. పాతికవేలు పోసి కొన్నాడు. ఇప్పుడు వాటి మెత్తలు పెచ్చులు లేచి, నల్లటి పొట్టు చెంపలకు అంటుకుంటోంది. రెండు గంటలు పనిచేస్తే చాలు, తల దిమ్మెక్కిందంటాడు, చెవులు కాలుతున్నాయంటాడు, ఏ పాట విన్నా చిరాకంటాడు. రాత్రి పడుకున్నాక చెవిలో కీచురాయి కూస్తున్నట్టు ఉందట. కొత్త మెత్తలకు మూడున్నర వేలట! 'దూది మెత్తలకు మూడున్నర వేలా?' అని వాళ్ళ నాన్నగారు కేకలేశారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు రోజులు చెవుల్లో పోశాను. గుణం కనిపించలేదు. ఈ మధ్య అన్నానికి పిలిస్తే రెండు మూడుసార్లు పిలవవలసి వస్తోంది. పని ధ్యాసలో ఉన్నాడనుకుంటున్నాను. మెత్తలు మారిస్తే బాధ పోతుందా?"

అమ్మా, మీరు అడిగింది మెత్తల గురించి. నా మనసులో తగులుకున్నది మాత్రం కీచురాయి, అన్నానికి పిలవడమూను. హెడ్‌ఫోన్లు తలమీద ఉండగా పిలిస్తే పలకకపోవడం జబ్బు కాదు. అవి తీసి బల్లమీద పెట్టాక, వెనుకనుంచి మామూలు గొంతుతో పిలిచి చూడండి. అప్పుడు కూడా రెండోసారి పిలవాల్సి వస్తే మెత్తల సంగతి తరువాత, ముందు చెవి సంగతి చూడాలి. దానికి చివర వస్తాను.

"చెవులు అలిసిపోయాయి" అన్నప్పుడు అలిసేది మూడు చోట్ల. మొదటిది పైచెవి. హెడ్‌ఫోను బిగువుకు చెవి తమ్మె నలుగుతుంది, లోపలి గాలి ఆడక చెమట పడుతుంది. మే నెలలో మీ ప్రాంతపు ఎండల్లో చెవికి రెక్సిను సంచి కట్టుకున్నట్టే. హెడ్‌ఫోను తీసి పది నిమిషాలు కూర్చుంటే ఇది పోతుంది. రెండవది మెదడు. పది గంటలపాటు పురోహితుడి మంత్రంలో గరగర ఎక్కడుందో, సన్నాయి ఎక్కడ చెదిరిందో వెతుకుతూ ఉంటే శ్రద్ధ అలిసిపోతుంది. కళ్ళు మూసుకుని కాసేపు నడుం వాల్చినా, రాత్రి బాగా నిద్రపోయినా ఇదీ సర్దుకుంటుంది.

భయపడవలసింది మూడవదానికి. అది లోచెవి అలసట.

లోచెవిలో నత్తగుల్ల ఆకారంలో చిన్న భాగం ఉంది. అందులో వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు, ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడల్లా ఆ మొనలు గాలికి వరిచేను ఊగినట్టు వంగి లేస్తాయి. ఎడమ కాలువ కింద వరి పండించే మీకు చెప్పాలా? మామూలు గాలికి వంగిన చేను లేస్తుంది. గాలివానకు పడిన చేను లేవదు. జాన్‌పహాడ్ ఉర్సుకో, మట్టపల్లి కళ్యాణానికో వెళ్ళి మైకు పక్కనే నిలబడి ఇంటికి వచ్చిన రాత్రి, చెవుల్లో దూది కుక్కినట్టు, లోపల సన్నగా గుయ్‌మన్నట్టు ఉండటం మీరు ఎరిగే ఉంటారు. మర్నాటికో ఆ మరునాటికో తగ్గిపోతుంది. అది వంగి లేచిన చేను. రోజూ అదే జరుగుతుంటే కొన్ని కణాలు ఇక లేవవు. చచ్చిన కణం మనిషిలో మళ్ళీ పుట్టదు. కోళ్ళలో, ఇతర పక్షుల్లో పుడుతుందని 1980లలో శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. కోడికున్న ఆ అదృష్టం మనకు లేదు.

అందుకే ఎంత మోత, ఎంతసేపు అనే రెండు లెక్కలూ కలిపి చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ హద్దు. పిల్లలకైతే 75. డెసిబెల్ లెక్క మనం బజారులో వేసే లెక్కలాంటిది కాదు సుమా. మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, వినదగిన సమయం సగం. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు, 89 దగ్గర వారం మొత్తానికి 5 గంటలే. మీ అబ్బాయి వారానికి అరవై గంటలు వింటున్నాడు గనుక అతనికి 80 కూడా ఎక్కువే.

అసలు చిక్కేమిటంటే, చెవి మూసే రకం హెడ్‌ఫోన్లలో ఈ మోత ఎంతో పక్కవాళ్ళకు తెలియదు. చిన్న ఇయర్‌ఫోన్లయితే బస్సులో పక్క సీటుకు కూడా పాట చిట్‌చిట్‌మని వినిపిస్తుంది. ఇవి శబ్దాన్ని బయటికి పోనివ్వవు. అదే వాటి గొప్ప, అందుకే అంత ధర. మీరు అదే గదిలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నా, మీ వాడి చెవిలో గట్టిమేళం మోగుతోందో గుసగుస వినిపిస్తోందో కనిపెట్టలేరు.

ఇక మెత్తల దగ్గరికి వద్దాం. వాళ్ళ నాన్నగారు కోప్పడ్డారుగాని, అవి దూదిమెత్తలు కావు. మీ ఇంట్లో కుక్కరు ఉంటుంది. దాని మూతకు రబ్బరు గాస్కెట్ ఉంటుంది. అది అరిగితే ఏమవుతుంది? పక్కనుంచి ఆవిరి పోతుంది, కూత రాదు, మీరు మంట పెంచుతారు. మూసే హెడ్‌ఫోనుకు ఆ మెత్తే గాస్కెట్. అది అణగిపోయినా, పెచ్చు లేచినా చెంపకూ దానికీ మధ్య సందు పడుతుంది. ఆ సందులోంచి ముందు పారిపోయేది లావుపాటి శబ్దం, అంటే డోలు గుమ్ము. సన్నపు శబ్దాలు అంతగా పోవు. ఇప్పుడు మీ అబ్బాయికి డోలు చాలడం లేదు. వాల్యూము పెంచుతాడు. డోలు పాత స్థాయికి వస్తుంది, దానితోపాటు సన్నాయి కీచు, మాటల్లో స, ష అక్షరాల ఈల పాత స్థాయిని దాటిపోతాయి. ఏ పాట విన్నా చిరాకు అనడానికి ఇది ఒక కారణం కావచ్చు. తనకు తెలియకుండానే రోజూ మంట పెంచుతున్నాడన్నమాట.

దీనికి ఇంట్లోనే పరీక్ష ఉంది. డోలు మోగే పాట ఏదైనా పెట్టి, రెండు అరచేతులతో హెడ్‌ఫోను గిన్నెలను మెల్లగా చెంపలకు అదమమనండి. అదమగానే డోలు మోత ఒక్కసారిగా పెరిగితే సందు ఉన్నట్టే. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకు కొత్త మెత్తలతో కూడా కాడ దగ్గర ఈ సందు పడుతుంది. సన్నకాడల జోడు మేలు.

కాబట్టి మూడున్నర వేలు దండగ కాదని నాన్నగారితో నా మాటగా చెప్పండి. గాస్కెట్ పోయిందని కుక్కరును ఎవరూ పారెయ్యరు, అలాగని గాస్కెట్ లేకుండానూ వండరు. అయితే ఏ మెత్త కొనాలన్నది ఆలోచించాలి. నల్లపొట్టు రాలుతున్నదంటే పైపొర తోలు కాదు, తోలులా కనిపించే పాలియురెథేన్. చెమట, గాలిలో తేమ, తలనూనె దీన్ని తినేస్తాయి. ఎంత జాగ్రత్తగా వాడినా ఇది కొన్నేళ్ళ వస్తువే. అసలు తోలు ఎక్కువ కాలం వస్తుంది, బాగా మూస్తుంది, కాని ఎండాకాలం ఉడకపెడుతుంది. వెల్వెట్ మెత్త చల్లగా, హాయిగా ఉంటుంది. దాని నేతలోంచి గాలి పోతుంది గనుక మామూలుగా డోలు గుమ్ము తగ్గిస్తుంది. మొదటినుంచీ వెల్వెట్ కోసమే తయారుచేసిన హెడ్‌ఫోన్లయితే బాధ లేదు. తోలు మెత్తకు తయారైనదానికి వెల్వెట్ తొడిగితే మళ్ళీ వాల్యూము పెంచే కథ మొదటికి వస్తుంది. మందమైన మెత్త కొంటే ఇంకా సుఖం అని కొందరు అనుకుంటారు. మందం మారితే శబ్దం పుట్టే పొర చెవికి దూరం జరుగుతుంది, వినికిడి తీరే మారుతుంది. సరదాకు వినేవాళ్ళకు అది ముచ్చట కావచ్చు. శబ్దం సరిచేసి కూలి తీసుకునేవాడికి తక్కెడ మార్చినట్టే. మీ అబ్బాయికి నా సలహా, ఆ హెడ్‌ఫోను తయారుచేసినవారే అమ్మే అదే రకం మెత్త తీసుకోవడం. మెత్త రంధ్రంలో చెవి మొత్తం పట్టాలి, తమ్మె అంచు ఎక్కడా నలగకూడదు.

కొత్త మెత్తలు వచ్చిన రోజున చెయ్యవలసిన పని ఒకటుంది. చాలామంది మరిచేది ఇదే. సందు మూసుకుంది గనుక వాల్యూము తగ్గించాలి. ఉదయం చెవులు తాజాగా ఉన్నప్పుడు, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, మాటలు స్పష్టంగా తెలిసే అతి తక్కువ స్థాయి దగ్గర తిరగలిని ఆపి, అక్కడ చిన్న కాగితం ముక్క అంటించమనండి. సాయంత్రం ఆ గుర్తు దాటి తిప్పాలనిపిస్తే పాటలో లోపం లేదు, చెవి అలిసింది. ఆ పూటకు పని ఆపెయ్యాలి.

మీది సిమెంటు లారీలు తిరిగే రోడ్డైతే ఇంకో మాట. బయటి మోతను కప్పడానికి లోపలి మోత పెంచడం అందరం చేసేదే. రోడ్డువైపు కిటికీ దగ్గరనుంచి బల్లను వెనుక గదికి మార్చండి. గడగడలాడే పాత ఫ్యాను ఉంటే బాగుచేయించండి. ముక్కలు కోయడం, అతకడం లాంటి మోటుపనికి హెడ్‌ఫోను అక్కరలేదు, చిన్న స్పీకరు చాలు. చివరి మెరుగులకే హెడ్‌ఫోను. ముప్పావు గంటకొకసారి తీసి పది నిమిషాలు ఇంటి వెనక్కి వెళ్ళి రావాలి. ఆ పది నిమిషాలు సెల్‌ఫోను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రీళ్ళు చూస్తే అది విశ్రాంతి కాదు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు సగంమంది ఇదే చేస్తారు.

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో పనిచేసే పాఠకులకు కూడా ఇక్కడే ఒక హెచ్చరిక. మిల్లు మోత వినిపించకుండా ఉండాలని పాటల హెడ్‌ఫోన్లు పెట్టుకోకండి. మోతమీద మోత పడుతుంది, యంత్రం దగ్గర ఎవరైనా అరిచినా వినిపించదు. మోతను అడ్డుకోవడానికే తయారుచేసిన చెవి మూతలు, నురుగు బిరడాలు వేరే ఉన్నాయి.

అమ్మా, నూనె మాత్రం ఇకమీదట పోయవద్దు. కీచురాయి కూత లోచెవిలోదైతే నూనె అక్కడికి చేరదు, కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలికి దిగి చీము పట్టిస్తుంది. చెమటకు నానిన చెవిలో నూనె తేమ తోడైతే బూజు పట్టి దురదలు మొదలవుతాయి. గుబిలి తియ్యడానికి పిన్నీసు, అగ్గిపుల్ల, దూదిపుల్ల ఏదీ దూర్చకూడదు. గుబిలి లోపలికి పోయి గట్టిపడి, అదే వినికిడి తగ్గిస్తుంది. నిజానికి మీ అబ్బాయి చెవిలో ఉన్నది అంతమాత్రపు గుబిలే అయితే నాకు సంతోషమే. డాక్టరు ఐదు నిమిషాల్లో తీసేస్తాడు. మెత్తలను పని అయ్యాక పొడిగుడ్డతో తుడవాలి, స్పిరిట్ తగలనివ్వకూడదు. తలంటుకున్న నూనె జుట్టుతో హెడ్‌ఫోను పెట్టుకోకూడదు, చెవి కారుతున్నవాళ్ళది తీసుకుని వాడకూడదు.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన మాట. రాత్రిపూట కీచురాయి కూత వారం దాటి ఉంటే, హెడ్‌ఫోను తీశాక కూడా పిలుపు వినిపించకపోతే, మెత్తలకు ఆర్డరు పెట్టేలోగానే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. మిర్యాలగూడ మీకు దగ్గర. సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, ఇంకా అవసరమైతే హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. వినికిడి పరీక్ష ఏ రోజుల్లో చేస్తారో కనుక్కుని వెళ్ళండి, బస్సు చార్జీలు దండగ కాకుండా ఉంటాయి. పరీక్షకు ముందురోజు పూర్తిగా హెడ్‌ఫోను మానాలి. లేకపోతే ఆనాటి అలసటే లోపంగా కనిపిస్తుంది. పరీక్షలో నొప్పి ఏమీ ఉండదు. గదిలో కూర్చోబెట్టి సన్నవీ లావువీ శబ్దాలు ఒక్కొక్కటే వినిపిస్తారు, వినిపించినప్పుడు చెయ్యెత్తాలి. దాన్ని గీతగా కాగితంమీద గీస్తారు. దాని పేరు ఆడియోగ్రామ్. మోతవల్ల దెబ్బతిన్న చెవిలో ఆ గీత సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలా దిగుతుంది. ఆ గుంట చిన్నదిగా ఉన్నప్పుడు మనిషికి ఏమీ తెలియదు, మాటలన్నీ వినిపిస్తూనే ఉంటాయి. శబ్దంతో బ్రతికేవాడికి అప్పుడే తెలియడం అవసరం.

ఒకవేళ ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో ఒక రోజులోనో వినిపించకుండా పోతే పరీక్షల తేదీ కోసం ఆగకండి. ఆ రోజే డాక్టరు దగ్గర ఉండాలి. మొదటి కొద్ది రోజుల్లో మందు పడితే వినికిడి తిరిగివచ్చే అవకాశం ఎక్కువ, ఆలస్యమైన కొద్దీ తగ్గిపోతుంది.

ఆడియోగ్రామ్ చేతికి వచ్చాక దాని నకలు ఒకటి, మీవాడి హెడ్‌ఫోను ఏ రకమో వ్రాసి నాకు పంపండి. నాన్నగారు మెత్తలకు డబ్బిచ్చిందీ లేనిదీ కూడా వ్రాయండి.