చేప బతికే ఉంది. మరి ఆ నీళ్లు భద్రమేనా?



మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో, ఏ దుకాణంలోనో అక్వేరియం చూసే ఉంటారు. గాజు తొట్టిలో రంగురంగుల చేపలు, కింద నుంచి పైకి లేచే గాలి బుడగలు, పైన వెలిగే దీపం ఎంతో ముచ్చటగా ఉంటాయి. అయితే ఆ తొట్టిలోకి ఎన్ని కరెంటు వైర్లు దిగుతున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? గాలి పంపుకు ఒకటి, ఫిల్టరుకు ఒకటి, దీపానికి ఒకటి, చలికాలంలో హీటరుకు ఇంకొకటి. నీళ్లూ కరెంటూ ఇంత దగ్గరగా కాపురం చేసే వస్తువు మన ఇళ్లలో మరొకటి అరుదు.

"నీళ్లలోకి కరెంటు వస్తే ముందు చేపలే చచ్చిపోతాయి కదా! అవి హాయిగా ఈదుతున్నాయంటే భయం లేనట్టే" అని చాలామంది అంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పని తెలుసుకున్న సంగతే మీకు చెప్పబోతున్నాను.

నేను తాండూరులో ఉంటాను. వికారాబాదులోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తాను. 2004 డిసెంబరులో ఒక ఆదివారం మా ఇంటి చేపల తొట్టి శుభ్రం చేస్తున్నాను. వేడిగా ఉన్న గాజు హీటరును నీళ్లలోంచి తీసి పక్కన పెట్టి, కాసేపటికి మళ్లీ చల్లని నీటిలో దించాను. గాజు సన్నగా చిట్లింది, నేను గమనించలేదు. కింద మా ఊరి నాపరాతి బండలు, వాటి మీద ఒలికిన నీళ్లు, నా కాళ్లకు చెప్పులు లేవు. తొట్టిలో చెయ్యి పెట్టగానే ఎవరో విసిరికొట్టినట్టయింది. అదృష్టం బాగుండి చెయ్యి వెనక్కి వచ్చేసింది.

ఎనిమిదేళ్ల మా అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది. రోజూ నీళ్లలో వేళ్లు ముంచి చేపలకు మేత వేసేది తనే. నేను తేరుకోగానే తను అడిగింది: "చేపలకెందుకు షాక్ కొట్టలే నాన్నా?"

నిజమే! చేపలు మునుపటిలాగే ఈదుతున్నాయి. ఇంట్లో ఫ్యూజు కూడా పోలేదు. దీపం వెలుగుతూనే ఉంది.

మొదట చేపల సంగతి చూద్దాం. కరెంటు ప్రవహించాలంటే రెండు బిందువుల మధ్య పొటెన్షియల్ భేదం ఉండాలి, పోవడానికి దారీ ఉండాలి. కరెంటు తీగ మీద వాలిన పిచ్చుకకు షాకు ఎందుకు కొట్టదో మీరు పాఠంలో చదువుకున్నారు. చేప పరిస్థితి కూడా దాదాపు అంతే. తొట్టి గాజుది, బల్ల చెక్కది, రెండూ విద్యుద్బంధకాలే. తొట్టిలోని నీళ్లంతా ఇంచుమించు ఒకే పొటెన్షియల్‌కు చేరుకుంటాయి. బయటికి దారి లేదు కాబట్టి చేపలో చెప్పుకోదగ్గ కరెంటు పారదు. అప్పుడు మీరు వచ్చి చెయ్యి పెడతారు. చెయ్యి, గుండె, కాళ్లు, తడి నేల! అంతదాకా లేని దారి మీరే వేశారన్నమాట.

ఇక ఫ్యూజు ఎందుకు పోలేదు? చిన్న లెక్క వేద్దాం. మన ఇళ్లలో వోల్టేజి 230. తడిచిన శరీరం నిరోధం సుమారు 1,000 ఓములు అనుకోండి. ఓమ్ నియమం ప్రకారం 230ని 1,000తో భాగిస్తే 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ఫ్యూజు కరగాలంటే 5 ఆంపియర్లకు మించిన కరెంటు పారాలి. గుండె లయ తప్పడానికి అంత అక్కరలేదు. 50 మిల్లీ ఆంపియర్లకు పైగా ఒక సెకను సాగితేనే ప్రమాదం. ఫ్యూజు గానీ, దాని స్థానంలో ఇప్పుడు వస్తున్న ఎం.సి.బి. గానీ తీగలు కాలిపోకుండా కాపాడడానికి పుట్టినవి. మనిషిని కాపాడడం వాటి పని కాదు.

"అయిదు వాట్ల పంపుకు ఇంత హడావిడా?" అని కొందరు నవ్వుతారు. వాట్లు చెప్పేది ఆ పంపు ఎంత శక్తి తీసుకుంటుందన్న సంగతి మాత్రమే. షాకు కొట్టినప్పుడు మీలోంచి పారే కరెంటును నిర్ణయించేవి 230 వోల్టులు, మీ శరీర నిరోధం. పంపు చిన్నదైనంత మాత్రాన వోల్టేజి చిన్నది కాదు సుమా!

మరి ఎర్తు ఉంటే చాలదా? ఎర్తు తప్పక ఉండాలి. తొట్టి పైన దీపం ఉండే రేకు కప్పుకు కరెంటు తగిలితే, మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్ను దాన్ని భూమిలోకి దారి మళ్లిస్తుంది. ఆ దెబ్బకు ఎక్కువ కరెంటు పారి ఫ్యూజు పోవాలి. అయితే ఎర్తు నిరోధం ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. అది 20 ఓములైతే 11.5 ఆంపియర్లు పారతాయి, ఫ్యూజు పోతుంది. 100 ఓములైతే 2.3 ఆంపియర్లే పారతాయి. ఫ్యూజు అలాగే ఉంటుంది, రేకులోనూ కరెంటు అలాగే ఉంటుంది.

ఇక్కడే మన నేల సంగతి చెప్పుకోవాలి. తాండూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేవి నాపరాతి గనులు. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి కరెంటుకు మంచి దారి ఇస్తుంది. దాని కింద రాతి పొర తగిలితే ఆ సుగుణం ఉండదు. అనంతగిరి వైపు ఎర్రటి రాళ్ల నేల ఎండాకాలంలో ఎలా ఎండిపోతుందో వికారాబాదు పిల్లలకు నేను చెప్పాలా? గొయ్యి తవ్వుతుంటే రాయి తగిలిందని రెండడుగుల దగ్గరే ఆపేసి, కాస్త ఉప్పూ బొగ్గూ వేసి పూడిస్తే అది పేరుకే ఎర్తు. మా ఇంట్లో ఆ మాత్రం కూడా లేదు. మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూసి, "ఎర్తు వైరు బోర్డు దాకా వచ్చింది గానీ భూమిలకు పోలేదు సార్" అన్నాడు. ఆ వారమే నేను తరగతిలో ఎర్తు గురించి పాఠం చెప్పి వచ్చాను!

"నేల మంచి వాహకం కానప్పుడు మాకూ షాకు కొట్టకూడదు కదా" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఫ్యూజు పోవడానికి ఆంపియర్లు కావాలి, మనిషి ప్రాణం పోవడానికి వాటిలో వందో వంతు చాలు. ఫ్యూజును ఆపగలిగిన నేల మిమ్మల్ని కాపాడగలదని అనుకోవద్దు. పైగా గాజు హీటరు చిట్లినప్పుడు నీళ్లకు ఎర్తుతో సంబంధమే ఉండదు.

అందుకే ఆర్.సి.సి.బి. అనే సాధనం కావాలి. ఇది ఎలా పనిచేస్తుంది? ఫేజు తీగ, న్యూట్రల్ తీగ రెండూ ఒకే అయస్కాంత వలయం గుండా పోతాయి. వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తే రెండింటి ప్రభావం సరిసమానమై రద్దయిపోతుంది. కొంత కరెంటు మనిషి గుండా నేలలోకి పోతే లెక్కలో తేడా వస్తుంది. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకనులోపు, 150 దాటితే 0.04 సెకనులోపు సరఫరా తెగిపోతుంది. ఎర్తు నిరోధం 100 ఓములున్నా దీనికి పట్టింపు లేదు.

అమెరికాలో చార్లెస్ డాల్జియెల్ అనే శాస్త్రవేత్త షాకు తగిలిన మనిషి ఎంత కరెంటు దాకా తీగను వదిలించుకోగలడో పరీక్షించాడు. మగవారికి సగటున సుమారు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారికి సుమారు 10.5 అని తేలింది. అంతకు మించితే కండరాలు బిగుసుకుని చెయ్యి వదలదు. ఆయనే 1960ల మొదట్లో అక్కడ ఇటువంటి రక్షణ సాధనాన్ని రూపొందించాడు. అక్కడ దాన్ని ముందుగా తప్పనిసరి చేసిన చోట్లలో ఈతకొలనులు ఉన్నాయి. నీళ్లున్నచోటే దాని అవసరం ఎక్కువన్నమాట.

ఆర్.సి.సి.బి. ఉన్నా చిన్న దెబ్బ తగలవచ్చు. ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి ముట్టుకుంటే అది కాపాడలేదు. కనుక అలవాట్లు కూడా మంచివి కావాలి.

చెయ్యి నీళ్లలో పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ ఊడదీయండి. స్విచ్చి ఆపితే చాలదు. పొరపాటున స్విచ్చిని న్యూట్రల్‌కు బిగించి ఉంటే, ఆపిన తర్వాత కూడా వస్తువులో కరెంటు ఉంటుంది. "కరెంటు పోయింది కదా" అని కూడా నమ్మవద్దు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే అది ఇచ్చేది కూడా 230 వోల్టులే. హీటరు ప్లగ్గు తీశాక చల్లారేదాకా దాన్ని నీళ్లలోనే ఉంచండి. గాజు చిట్లితే అతికించి వాడవద్దు, పారేయండి.

ప్లగ్గులున్న బోర్డు తొట్టి కింద నేల మీద ఉండకూడదు, పక్కగా గోడకు ఉండాలి. ప్రతి వైరూ సాకెట్టు కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లి సాకెట్టును చేరాలి. అలా చేస్తే వైరు వెంట జారిన నీటి బొట్టు వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్టులోకి పోదు. గాలి పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం గుండా సైఫన్ పద్ధతిలో పంపులోకి దిగుతాయి.

ఇవన్నీ మీరు చూడవచ్చు, పెద్దలకు చెప్పవచ్చు. బోర్డు విప్పడం, వైర్లు కలపడం మాత్రం మీ పని కాదు. దానికి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి.

ఇంతకూ నా అభిప్రాయం ఇది: ఆర్.సి.సి.బి. లేని ఇంట్లోకి అక్వేరియం రాకూడదు. ఆ మాటకొస్తే బడిలోకీ రాకూడదు. తొట్టి, చేపలు, రంగురాళ్లు కొన్నాక డబ్బు మిగిలితే చూద్దామనుకునే వస్తువు కాదది. మొదట అది బిగించాలి, తర్వాతే చేప. అది కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే, కొన్నాళ్లు ఆగండి. చేపలు ఎక్కడికీ పోవు.

ఈ రోజు ఇంటికి వెళ్లాక మీటరు పక్కనున్న పెట్టెను అమ్మకో నాన్నకో చూపించి, "ఇందులో 'టి' అనే అక్షరం ఉన్న మీట ఉందా?" అని అడగండి. ఉంటే, నెలకొకసారి వాళ్లచేత దాన్ని నొక్కించండి. నొక్కగానే కరెంటు పోతే ఆ సాధనం పనిచేస్తున్నట్టు. పోకపోతే, లేదా ఆ మీటే లేకపోతే, మీ తొట్టిలోని చేపలు ఎంత హుషారుగా ఈదుతున్నా వాటి మాట నమ్మకండి.