నడవమంటోంది ఫోను... మరి మనం ఎక్కడ నడవాలి?

కువైట్‌లో ఎనిమిదేళ్ళు, పదేళ్ళు చేసిన మన వాళ్ళని ఎవర్నైనా అడగండి, ఈ దేశంలో ఏం చూశావని. క్యాంపు, సైటు, డబ్బు పంపే ఎక్స్ఛేంజి, శుక్రవారం కూరగాయల అంగడి, ఎయిర్‌పోర్టు. అంతే. మిగతాదంతా బస్సు కిటికీలోంచి చూసిందే, అది కూడా సగం నిద్రలో. అలాంటి మన చేతిలోకి ఇప్పుడు "లేచి బయటికి వెళ్ళు, నీ చుట్టూ ఏముందో చూడు" అని చెప్పే ఆటలు వచ్చాయి. రూముల్లో కుర్రాళ్ళు ఆడుతున్నారు. పెద్దవాళ్ళు "పని లేదా మీకు" అని కసురుతున్నారు. నా మటుకు ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది.

ఈ ఆటలు ఎక్కడ పుట్టాయో చెబితే మన సర్వేయర్ సోదరులకి నచ్చుతుంది. 2000 మే నెల దాకా మామూలు జనం వాడే జీపీఎస్‌లో అమెరికా సర్కారు కావాలని తప్పు కలిపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 2న ఆ తప్పుని తీసేశారు. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో ఒక బక్కెట్ దాచి, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలు అందరికీ తెలిసేలా పెట్టి వెతుక్కోమన్నాడు. అదే జియోక్యాషింగ్. దాచినది వెతకడం, దొరికితే రాసిపెట్టడం, అంతే ఆట. సైటులో బెంచ్‌మార్క్ రాయి వెతికిన వాడికి ఆ సరదా ఏంటో విడిగా చెప్పక్కర్లేదు.

తర్వాత 2012లో ఇంగ్రెస్ వచ్చింది, 2016 జులై 6న పోకెమాన్ గో వచ్చింది. రెండూ నయాంటిక్ అనే కంపెనీవే. దాని అధిపతి జాన్ హాంకే అంతకుముందు నడిపిన కంపెనీ పనే గూగుల్ ఎర్త్ అయ్యింది, అంటే మ్యాపుల పనిలో పండినవాడు. ఆటలో గుడ్డు పొదగాలంటే రెండు కిలోమీటర్లో, ఐదో, పదో నడవాలి. క్యాంపు బస్సులో కూర్చుంటే లెక్కలోకి రాదు, వేగం చూసి పట్టేస్తుంది. మన టైమ్ కీపర్ కన్నా గట్టిది!

సరే, నడవడం మంచిదే. కానీ ఎవరు నడవాలి, ఎప్పుడు, ఎక్కడ? పోకెమాన్ గో వచ్చిన ఆ జులై నెలలోనే, 21వ తేదీన, మన కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలే ఉంది. పార్కుల్లో చెట్ల కింద తిరిగే ఊళ్ళని మనసులో పెట్టుకుని చేసిన ఆట ఇది. మన పాదాల కోసం చేసింది కాదు.

ఎండ సంగతి పక్కన పెడదాం, అంతకన్నా పెద్దది ఇంకోటుంది. అదే 2016 జులైలో కువైట్ హోం శాఖ హెచ్చరిక చేసింది. ఆట ఆడుతూ అమీరు ప్యాలెస్, మసీదులు, చమురు కేంద్రాలు, మిలిటరీ స్థావరాల దగ్గరికి వెళ్ళినా, ఫోటోలు తీసినా ఊరుకోమని. ఆ హెచ్చరిక తప్పని నేననను. ఏ దేశం భద్రత దానిది. కానీ ఆ గేటు ముందు ఫోను ఎత్తి పట్టుకున్నవాడు ఎవరన్నదాన్ని బట్టి సంగతి మారుతుంది. అరబ్బీ బాగా వచ్చిన ఇంజనీరు అయితే నవ్వుతూ చెప్పి బయటపడతాడు. మనవాడికి అరబ్బీలో వచ్చేది నాలుగు ముక్కలు. బతాకా చూపించడం తప్ప ఏం చెప్పగలడు? మా దగ్గర పనిచేసిన ఒక స్టీల్ ఫిక్సర్ కుర్రాడు, కడప వైపు వాడే, సైటు పక్కన ఒక ప్రహరీ గోడ దగ్గర ఇలాగే ఫోను పట్టుకుని నిలబడ్డాడు. అది ఎవరి గోడో వాడికి తెలీదు, బోర్డు అరబ్బీలో ఉంది. ఫోను తీసుకున్నారు, నాలుగు గంటలు కూర్చోబెట్టారు. మందూబ్ వెళ్ళి మాట్లాడితే వదిలారు. ఆ రోజు జీతం మాత్రం కంపెనీ కోసేసింది. ఇంట్లో చెల్లెలి పెళ్ళి బాకీ ఉన్నవాడికి, పంపించేస్తారేమో అనే నాలుగు గంటల భయం ఎలా ఉంటుందో ఆట తయారుచేసినవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

ఇక డబ్బు మాట. సౌదీలో 2001లో పోకెమాన్ మీద ఇచ్చిన ఫత్వా 2016లో మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. ఇప్పుడు చూడండి, 2025లో నయాంటిక్ తన ఆటల వ్యాపారాన్ని 350 కోట్ల డాలర్లకి స్కోప్లీకి అమ్మేసింది. స్కోప్లీ ఎవరిది? సౌదీ ప్రభుత్వ పెట్టుబడుల నిధి కింద ఉన్న సావీ గేమ్స్‌ది. కాలం అలా తిరుగుతుంది, దాన్ని నేను తప్పు పట్టను. నన్ను ఆలోచనలో పడేసింది వేరే ముక్క. ఆటలు అమ్మేశాక మ్యాపుల పని చేసే భాగం నయాంటిక్ స్పేషియల్ అనే పేరుతో విడిగా నిలబడింది. ఆటగాళ్ళు వీధుల్లో తిరుగుతూ ఫోనుతో చుట్టూ తిప్పి తీసిన స్కాన్లు ఆ మ్యాపులకి పనికొచ్చాయి. బలవంతం లేదు, ఇష్టమైనవాళ్ళే ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. అయినా నేను డిప్లొమా చేసినవాణ్ణి, టోటల్ స్టేషన్ మోసినవాణ్ణి. ఒక రోజు సర్వేకి సర్వేయర్‌కి, స్టాఫ్ పట్టుకునే హెల్పర్‌కి ఎంతివ్వాలో నాకు తెలుసు. ఇక్కడ జీతం బదులు బొమ్మ బంతులు ఇచ్చారు. ఓటీ డబ్బులు ఒక్క గంట తగ్గితే గొడవ చేసే మనం, ఈ పనికి లెక్క అడగం.

ఆరోగ్యానికి మంచిదంటారా? 2016లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో ఆట మొదలుపెట్టిన మొదటి వారం రోజుకి సగటున 955 అడుగులు ఎక్కువ నడిచారు. ఆరో వారానికి మళ్ళీ పాత లెక్కకే వచ్చేశారు. అయినా రోజంతా స్కఫోల్డింగ్ ఎక్కి దిగేవాడికి అడుగులు తక్కువా? డ్రైవర్లకీ, వాచ్‌మన్లకీ అయితే ఉపయోగమే. మిగతా మనకి తక్కువైంది నడక కాదు, చూడటం.

ఆటలో కూడా ఊరంతా ఒకేలా ఉండదు. ఆడేవాళ్ళు ఎక్కువున్న చోట్లే గుర్తులు ఎక్కువ. సాల్మియా సముద్రం ఒడ్డున ఫోను తెరిస్తే నిండుగా కనిపిస్తాయి. జలీబ్ సందుల్లో తెరిచి చూడండి. అన్ని వేల మంది బతికే చోట చూడదగ్గది ఏమీ లేదన్నట్టు ఉంటుంది. అమెరికాలో నల్లవాళ్ళ పేటల్లో కూడా ఇలాగే తక్కువున్నాయని 2016లోనే అక్కడివాళ్ళు లెక్కతీశారు.

అందుకే మా రూములో కుర్రాళ్ళకి నేను వేరే ఆట చూపించాను. స్ట్రీట్‌కంప్లీట్ అని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది, ఉచితం. నువ్వు నిలబడ్డ చోట చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. ఈ బస్టాపుకి నీడ ఉందా? ఈ రోడ్డుకి లైట్లు ఉన్నాయా? ఇది తారా, మట్టా? జవాబు నొక్కితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి వెళ్తుంది. 2004లో మొదలైన ఆ మ్యాపుని ఎవరైనా వాడుకోవచ్చు, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఫోటో తియ్యక్కర్లేదు, ఫోను ఎత్తక్కర్లేదు. బస్టాపుకి నీడ ఉందా లేదా అన్నది జూన్‌లో డ్యూటీ దిగి నిలబడేవాడికి పోకెమాన్ కన్నా పెద్ద సంగతి. అయితే రోడ్డు, బస్టాపు, దుకాణం వరకే. గోడ, గేటు, కాపలా ఉన్న చోటు జోలికి ఇందులో కూడా పోవద్దు.

మన తెలుగు సంఘాల వాళ్ళకి ఒక మాట. ఉగాదికి స్టేజీలు వేస్తారు, క్రికెట్ పోటీలు పెడతారు, సంతోషం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ చల్లగా ఉంటుంది. నెలకి ఒక్క శుక్రవారం క్యాంపుల దగ్గరికి ఒక బస్సు పంపి, ముబారకియా బజారు, కువైట్ టవర్స్ చూపించండి. 1979లో తెరిచిన ఆ టవర్లలో రెండింట్లో నీళ్ళు నిలవ ఉంటాయని, మూడోది ఆ రెండింటికీ వెలుగు వెయ్యడానికని మన కాంక్రీటు పనివాళ్ళలో ఎంతమందికి తెలుసు? తెలిస్తే వాళ్ళే మిగతావాళ్ళకి చెబుతారు, పని చేసిన కళ్ళు కదా. పెద్ద ఖర్చేం కాదు, బస్సు బాడుగ, చాయి, సమోసా.

కుటుంబాలతో ఉన్నవాళ్ళు పిల్లల ఫోన్లు ఒకసారి చూడండి. పోకెమాన్ గోలో ఏఆర్ అని ఒక బటన్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే కెమెరా తెరుచుకుని ఎదురుగా ఉన్నదంతా కనిపిస్తుంది. దాన్ని ఆపెయ్యండి. ఆట ఆగదు, బ్యాటరీ కూడా మిగులుతుంది.