బధిరుల ప్రశ్న వస్తే చెవి దగ్గరే ఆగిపోతున్న మన జవాబులు



జీఎస్-2లో దివ్యాంగుల సంక్షేమం మీద వచ్చే మోడల్ ఆన్సర్లు ఏ టెస్ట్ సిరీస్‌వైనా తీసి చూడండి. వినికిడి లోపం దగ్గరకు వచ్చేసరికి మూడే పాయింట్లు కనిపిస్తాయి: పుట్టగానే స్క్రీనింగ్, ఉచితంగా హియరింగ్ ఎయిడ్స్, కాక్లియర్ ఇంప్లాంట్లకు నిధులు. మూడూ అవసరమే. కానీ మూడూ చెవి గురించే. ఆ బిడ్డ ఏ భాషలో ఆలోచించాలి, ఏ భాషలో చదువుకోవాలి అన్న ప్రశ్న ఎక్కడా ఉండదు. ఆ ప్రశ్న అడగనందుకు ప్రపంచం ఒకసారి భారీ మూల్యం చెల్లించింది. రేపు జిల్లాలో ఫైళ్ల మీద సంతకం పెట్టాలనుకుంటున్న మనం ఆ చరిత్ర తెలుసుకోకపోతే అదే తప్పును ప్రభుత్వ ఖర్చుతో మళ్లీ చేస్తాం.

మిలాన్, 1880

18వ శతాబ్దంలో పారిస్‌లో అబే ద లెపే బధిర పిల్లలకు సైగల ద్వారా పాఠాలు చెప్పే బడి నడిపారు. ఆ సంప్రదాయంలో చదివిన బధిర ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్క్, థామస్ గాలడెట్‌తో కలిసి 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బడి మొదలుపెట్టారు. బధిరులే బధిరులకు గురువులయ్యారు. 1864లో వాషింగ్టన్‌లో బధిరులకు డిగ్రీ ఇచ్చే కళాశాల కూడా వచ్చింది.

1880 సెప్టెంబర్‌లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల విద్యపై అంతర్జాతీయ మహాసభ జరిగింది. సైగల కంటే నోటి మాటే గొప్పదని, బడుల్లో మాట ద్వారానే బోధించాలని తీర్మానించారు. ప్రతినిధుల్లో ఎక్కువమంది ఇటలీ, ఫ్రాన్స్ దేశాలవాళ్లు. దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. ఎవరి చదువు గురించి ఓటు వేస్తున్నారో వాళ్లకు ఆ సభలో దాదాపు చోటే లేదు. తర్వాత దేశదేశాల్లో బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. తరగతిలో చేతులు కదిపితే పిల్లల్ని దండించారు. తమ భాష కనుమరుగవుతుందన్న భయంతో అమెరికాలోని బధిరుల సంఘం 1913లో దాన్ని ఫిల్మ్ మీద రికార్డు చేసి దాచుకోవలసి వచ్చింది.

ఆ తీర్మానాలను అదే మహాసభ వాంకూవర్‌లో అధికారికంగా తిరస్కరించి విచారం ప్రకటించింది 2010లో. అంటే 130 ఏళ్ల తర్వాత.

బెల్ చూసి కూడా గ్రహించని దీవి

టెలిఫోన్ పేటెంట్ పొందిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ తల్లి, భార్య ఇద్దరూ బధిరులే. అయినా ఆయన 1883లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ముందు చదివిన పత్రంలో, బధిరులు ఒకరినొకరు పెళ్లి చేసుకుంటే మానవజాతిలో ఒక బధిర శాఖ ఏర్పడుతుందని హెచ్చరించారు. ప్రత్యేక వసతి బడులు, సైగల బోధన, బధిర ఉపాధ్యాయులు వద్దన్నారు.

వంశపారంపర్య బధిరత్వం ఆనవాళ్ల కోసం ఆయన పరిశీలించిన చోటుల్లో మార్తాస్ వినియార్డ్ దీవి ఒకటి. నోరా గ్రోస్ అనే మానవశాస్త్రవేత్త 1985లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 19వ శతాబ్దంలో అమెరికా మొత్తం మీద సుమారు 5,700 మందిలో ఒకరు బధిరులైతే, ఆ దీవిలో 155 మందిలో ఒకరు. అక్కడి వాళ్లు వినగలిగినా వినలేకపోయినా అందరూ సైగల భాష నేర్చుకున్నారు. బధిరులు చేపలు పట్టారు, సేద్యం చేశారు, ఊరి వ్యవహారాల్లో పాల్గొన్నారు. చెవులు పనిచేయకపోయినా ఎవరూ వెలివేతకు గురికాలేదు. బెల్ ఆ దీవిలో వంశవృక్షాలు చూశారు, ఊరిని చూడలేదు. మన జవాబులూ సరిగ్గా అక్కడే ఆగిపోతున్నాయి.

సైన్స్ ఏం చెబుతోంది

ఒక్కో లోపలి చెవిలో సుమారు 3,500 లోపలి హెయిర్ సెల్స్, 12,000 వెలుపలి హెయిర్ సెల్స్ ఉంటాయి. మనిషిలో అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాలను తిరిగి తేదు. వాటిని దాటేసి రెండు డజన్లకు మించని ఎలక్ట్రోడ్లతో శ్రవణ నాడిని నేరుగా ప్రేరేపిస్తుంది. అద్భుతమైన ఇంజనీరింగ్ అది, తక్కువ చేయక్కర్లేదు. కానీ ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ కావాలి. బయట పెట్టుకునే ప్రాసెసర్ పాడైతే డబ్బు కావాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఉచితంగా అయిన బిడ్డ తల్లి, వారం వారం థెరపీకి పట్నం వెళ్లే రోజు కూలి ఎవరిస్తారు?

ఇక భాష సంగతి. 1960లో విలియం స్టోకీ అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌ను విశ్లేషించి, చేతి ఆకారం, స్థానం, కదలిక అనే అంశాలతో నిర్మాణమైన పూర్తిస్థాయి భాష అది అని చూపించారు. 1991లో లారా పెటిటో, పౌలా మారెంటెట్ బధిర తల్లిదండ్రుల పిల్లలను పరిశీలించారు. మామూలు పసిపిల్లలు నోటితో ముద్దుమాటలు పలికినట్టే వీళ్లు చేతులతో పలుకుతున్నారని తేలింది. మెదడుకు కావలసింది భాష. అది చెవి నుంచి వచ్చిందా, కంటి నుంచి వచ్చిందా అన్నది దానికి పెద్ద పట్టింపు కాదు. కానీ తొలి ఏళ్లలో ఏ భాషా అందకపోతే ఆ లోటు తర్వాత పూడ్చడం చాలా కష్టం.

మన చట్టంలో ఏముంది

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి వైకల్యం ఉన్నవారు 50 లక్షలకు పైనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరత్వం అంటుంది. ఆడియోగ్రామ్ చెవిని కొలుస్తుంది. బిడ్డకు భాష వచ్చిందో లేదో కొలవదు. సైన్ లాంగ్వేజ్ తెలిసిన టీచర్లను నియమించాలని అదే చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. 2015లో ఢిల్లీలో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది. 2021 నాటికి దాని నిఘంటువు 10,000 పదాలకు చేరింది. 2020 జాతీయ విద్యా విధానం ఈ భాషను ప్రామాణీకరించాలంది. పునాది ఉంది. లేనిది గుర్తింపు. ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఇది లేదు. న్యూజిలాండ్ 2006లో, దక్షిణాఫ్రికా 2023లో తమ సైన్ లాంగ్వేజ్‌లను అధికార భాషలుగా ప్రకటించాయి.

మూడు ఎదురు వాదనలు

ఒకటి: "సైగలు నేర్పితే మాట రాదు." ఇది మిలాన్ వాదనే. రెండు భాషలు నేర్చుకునే పిల్లలు మన ఇళ్ల నిండా ఉన్నారు. ఇంప్లాంట్ పెట్టండి, సైన్ కూడా నేర్పండి. ఒకటి తప్పితే ఇంకొకటి నిలబెడుతుంది.

రెండు: "ఊరికో రకం సైగలున్నాయి, ఒక భాష ఎక్కడుంది?" శ్రీకాకుళం తెలుగు, చిత్తూరు తెలుగు, ఆదిలాబాద్ తెలుగు ఒకటేనా? యాసలున్నాయని తెలుగు భాష కాదని ఎవరైనా అంటే ఊరుకుంటామా?

మూడు: ఇది కాస్త బలమైనది. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషా బోధన గురించి చెబుతుంది. కానీ బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు కదా, సైన్ వాళ్లకు మాతృభాష ఎలా అవుతుంది? నిజమే, అది అమ్మ భాష కాదు. కానీ ఏ భాషను బిడ్డ అడ్డు లేకుండా అందుకోగలదో, దేనిలో మొదట ఆలోచించగలదో దాన్ని కాదని అధికరణ అక్షరాన్ని పట్టుకుంటే దాని ఉద్దేశమే పోతుంది. అందుకే బిడ్డతో పాటు తల్లిదండ్రులకూ ఊరిలోనే, అంగన్‌వాడీ స్థాయిలోనే సైన్ నేర్పాలి. స్క్రీనింగ్ రిపోర్టు వచ్చిన రోజే ఆ పని మొదలవ్వాలి.

భాష కోసం పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చిన నేల మనది. 1953లో భాష ప్రాతిపదికన రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం. తెలుగు మీడియంలో మెయిన్స్ రాసేవాళ్లకు సమాన అవకాశం కావాలని నేటికీ అడుగుతున్నాం. చేతులతో మాట్లాడే వాళ్ల విషయానికి వచ్చేసరికి మాత్రం భాషను మరిచి మెషీన్ గురించి మాట్లాడతాం. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అనే సామెతలో తప్పు వినలేనివాడిది కాదు, ఊదడం తప్ప ఇంకో దారి వెతకనివాడిది.

కాబట్టి ఈసారి ఆన్సర్‌లో నాలుగో పాయింట్ చేర్చండి. వీలైతే దాన్ని మొదటి పాయింట్ చేయండి.

ప్రాక్టీస్ ప్రశ్న: భారతదేశంలో బధిరులను భాషాపరమైన అల్పసంఖ్యాకులుగా పరిగణించవచ్చా? 29, 350ఎ అధికరణలు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వెలుగులో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)