మీ ఇంట్లో గుండెపోటు ఎవరికి, ఏ వయసులో వచ్చింది?

శంషాబాద్ వాసులకు, విమానాశ్రయంలో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు, పార్కింగ్‌లో సీటు వాల్చుకుని ట్రిప్పు కోసం చూసే క్యాబ్ డ్రైవరన్నలకు ఒక విన్నపం.

ఈసారి ఊరికి పోయినప్పుడు అమ్మనో పెద్దమ్మనో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి: మనవాళ్లలో గుండెపోటు ఎవరెవరికి వచ్చింది, అప్పటికి వయసెంత? "గ్యాస్ నొప్పనుకున్నాం, తెల్లారేసరికి పోయాడు" అనే చిన్నాయన సంగతీ వదలొద్దు. నాన్నకో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు వచ్చి ఉంటే మీ ముప్పు ఎక్కువని డాక్టర్లు లెక్కేస్తారు. పైగా మన ఉపఖండం వాళ్లకు తొలి గుండెపోటు మిగతావాళ్లకంటే ఆరేళ్ల ముందే వస్తోందని 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది.

చాలామందిలో ఈ ముప్పు ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, ఎన్నో చిన్న చిన్న తేడాలు కలిసి తెచ్చేది. ఒక రకం మాత్రం వేరు. చెడు కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి తీసేసే జన్యువు పుట్టుకతోనే దెబ్బతిన్నవాళ్లు సుమారు 250 మందిలో ఒకరుంటారు. సన్నగా ఉన్నా, మాంసం ముట్టకపోయినా వాళ్ల చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 190 దాటుతుంది. మేనరికాల్లో తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటి పిల్లలకు మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపుపచ్చ గడ్డలు లేస్తాయి. మందులు పడకపోతే ఇరవై ఏళ్లలోపే గుండెపోటు రావచ్చు. పులిపిర్లనుకుని పసుపు రాస్తూ కూర్చోకండి.

ఇంకో మాట: హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త తంగరాజ్ బృందం 2009లో బయటపెట్టిన జన్యులోపం గుండె కండరానిది, రక్తనాళాల పూడికది కాదు. రెంటినీ కలిపి భయపడొద్దు.

జన్యు పరీక్షలకు వేలు పోసేముందు ఆ కాగితం డాక్టరుకు చూపించి, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. ఒకరికి ఎక్కువని తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ చేయించాలి. ముప్పు రాసిపెట్టి ఉందని సిగరెట్ మానకపోవడం తెలివితక్కువ: జన్యుముప్పు ఎక్కువున్నవాళ్లలోనూ పద్ధతిగా బతికినవాళ్లకు అది దాదాపు సగానికి తగ్గిందని 2016లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. ముప్పయి దాటినవాళ్లకు బీపీ, షుగర్ సర్కారు దవాఖానాలో ఉచితంగానే చూస్తారు.

డ్యూటీలో ఛాతీ పట్టేసినట్టుంటే, చెమటలు పడితే, స్టీరింగ్ పట్టుకుని మీరే ఆస్పత్రికి పోవద్దు. బండి పక్కకు ఆపి 108కి ఫోన్ చేయండి.